పాత జీపుకు రెండు గండాలు: ఉప్పుగాలి, కొత్త సోకులు

పుదుచ్చేరి: ఈ పట్టణంలో ఇనుముకు ఆయుష్షు తక్కువ. బంగాళాఖాతం ఒడ్డునే ఉన్న ఈ ఊళ్లో గేట్ల కమ్మీలు, కిటికీల చువ్వలు సైతం వేళకు రంగు వేయకపోతే పెచ్చులుగా ఊడిపోతాయి. ఇక ఆరుబయట నిలిచే వాహనం సంగతి చెప్పనక్కరలేదు. ఇటువంటి చోట పాతికేళ్ల నాటి జీపునో, జిప్సీనో ఇంటి ముంగిట నిలుపుకొని, సొంత చేతులతో మరమ్మతు చేసుకుంటూ నడపాలనుకునే వారికి రెండు గండాలు పొంచి ఉంటాయి. మొదటిది గాలిలోని ఉప్పు. రెండవది బండికి కొత్త హంగులు తగిలించాలన్న యజమాని ఉబలాటం. మొదటిది బండిని తినేస్తే, రెండవది దాని కాగితాలను తినేస్తుంది.

నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందే ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లపై మోజు దేశవ్యాప్తంగా పెరిగింది. 2020 అక్టోబరులో మహీంద్రా సంస్థ కొత్త థార్‌ను, 2023 జూన్‌లో మారుతి సంస్థ జిమ్నీని విడుదల చేశాక ఈ మోజు మరింత విస్తరించింది. కొత్త బండి కొనే స్తోమత లేనివారూ, ఉన్నా పాతదానిపైనే మనసు పడ్డవారూ పాత జీపుల వైపు చూస్తున్నారు. కొనేటప్పటి ధర తక్కువే కావచ్చు. అసలు ఖర్చు ఆ తరువాత మొదలవుతుంది.

ఎక్కడి బండ్లివి?

జీపు తెలుగువారికి పరిచయం అక్కరలేని వాహనం. తహసీల్దారు వచ్చినా, పోలీసులు వచ్చినా, ఎన్నికల ప్రచారం వచ్చినా ఒకప్పుడు పల్లెకు ముందుగా వినిపించింది దాని చప్పుడే. బొర్రా గుహల సమీపంలోని కటికి జలపాతానికి పర్యాటకులను చేరవేసినవీ జీపులే. అమెరికాలోని విల్లీస్ కంపెనీ రూపకల్పన చేసిన జీపును స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాలలో బొంబాయిలో కూర్చడం ప్రారంభించింది మహీంద్రా సంస్థ. విల్లీస్ సి.జె. 3బి నమూనాకు అమెరికాలో 1968లోనే కాలం చెల్లింది. మన దేశంలో మాత్రం దాని వారసత్వం ఆ తరువాత దశాబ్దాల పాటు కొనసాగింది. ట్రాక్టరు ఇంజన్ బిగించినవి కొన్ని, ఫ్రాన్సుకు చెందిన ప్యూజో సంస్థ పరిజ్ఞానంతో తయారైన డీజిల్ ఇంజన్ ఉన్నవి కొన్ని. ఒకనాటి ఫ్రెంచి పాలిత పట్టణంలో ఫ్రెంచి మూలాలున్న ఇంజన్‌కు మరమ్మతులు జరగడం కాకతాళీయమే అయినా ముచ్చటైన విషయమే.

మారుతి జిప్సీ కథ వేరు. జపాన్ సుజుకీ నమూనా ఆధారంగా 970 సి.సి. పెట్రోలు ఇంజన్‌తో 1985 డిసెంబరులో ఇది విపణిలోకి వచ్చింది. 1996లో 1,300 సి.సి. ఇంజన్ అమర్చారు. పోలీసులు, సైన్యం, అటవీ శాఖ దీనిని విరివిగా వాడుకున్నాయి. 2019లో సామాన్య కొనుగోలుదారులకు దీని అమ్మకం నిలిచిపోయింది. ముందూ వెనుకా బలమైన ఇరుసు, కమాన్ కట్టలు, ఎలక్ట్రానిక్ హంగామా లేని యంత్రాంగం ఉండటం వల్ల ఓపిక గలవాడు ఇంటి దగ్గరే విప్పి బిగించుకోగల బండి ఇది.

ఇటువంటి వాహనాలు చేతులు మారడానికి చిరకాలంగా ఉన్న ముఖ్యమైన దారి ప్రభుత్వ వేలంపాట. శాఖలు వాడి వదిలేసిన జీపును వేలంలో పాడుకొని, షెడ్డులో పునర్జన్మ ఇప్పించడం ఒక ఆనవాయితీగా సాగింది. ఈ దారి ఇప్పుడు చాలావరకు మూసుకుపోయింది. 15 ఏళ్లు నిండిన కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్‌ను 2023 ఏప్రిల్ 1 నుంచి పునరుద్ధరించరాదని, వాటిని తుక్కు కింద మార్చాలని కేంద్ర రవాణా శాఖ ఉత్తర్వులిచ్చింది. సైన్యం వాడే ప్రత్యేక వాహనాలకు ఇందులో మినహాయింపు ఉంది. ఫలితంగా రోడ్డు మీద మిగిలిన పాత జీపుల సంఖ్య ఇకపై పెరిగేది కాదు, తరిగేదే.

జీపు ఆకారంలో ఉన్న ప్రతిదీ ఫోర్ వీల్ డ్రైవ్ కాదన్నది కొనేవారు మరచిపోయే మొదటి సంగతి. వెనుక చక్రాలకు మాత్రమే శక్తి అందే జీపులు వేల సంఖ్యలో తయారయ్యాయి. గేరు కడ్డీ పక్కన మరో చిన్న కడ్డీ ఉందా, బండి కింద నుంచి ముందు ఇరుసు వరకు తిరిగే షాఫ్టు సాగి ఉందా అన్నది వంగి చూడాలి. చిన్న కడ్డీ ఉండి, షాఫ్టు విప్పేసిన బండ్లు కూడా తగులుతుంటాయి.

తుప్పుతో మొదలు

సముద్రతీరంలో పాత బండి సంరక్షణ ఇంజన్‌తో కాదు, తుప్పుతో మొదలు కావాలి. ఇంజన్ చెడితే మరో ఇంజన్ భాగాలు దొరుకుతాయి. ఛాసిస్ పట్టీ లోపలి నుంచి చివికితే బండే లేదు. పైకి మెరిసే రంగు కింద పుట్టీ పూతలు ఎన్ని ఉన్నాయో చెప్పడం కష్టం. ఒక చిన్న సుత్తితో ఛాసిస్ పొడవునా తట్టి చూస్తే గట్టి ఇనుము ఖంగుమంటుంది, చివికినది మొద్దుగా పలుకుతుంది. కమాన్ కట్టలు ఛాసిస్‌కు తగిలే కొక్కేలు, యు బోల్టులు, డ్రైవరు కాళ్ల కింది రేకు, బ్యాటరీ పీఠం తప్పక చూడవలసిన చోట్లు.

బీచి ఇసుకలోకి బండిని తీసుకెళ్లి ఫొటోలు దిగడం సరదాగానే ఉంటుంది. ఆ సాయంత్రమే మంచినీటితో అడుగు భాగమంతా కడగకపోతే సరదా ఖరీదు మరుసటి సంవత్సరం తెలుస్తుంది. ఛాసిస్ పట్టీల్లో నీరు బయటకు పోవడానికి కంపెనీ పెట్టిన రంధ్రాలు మట్టితో పూడుకుపోయి ఉంటే, కడిగిన నీరు సైతం లోపలే నిలిచి తుప్పుకు తోడవుతుంది. తీగ బ్రష్షుతో తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ వేసి, పైన రంగు పూసి, ఆపైన పెట్టె భాగాల లోపలికి మైనం వంటి తుప్పు నిరోధకాన్ని పిచికారీ చేయడం ఇంటి వద్దే సాధ్యమయ్యే పని. కాలిన ఇంజన్ ఆయిల్‌ను బండి అడుగున పూయడం కొందరికి అలవాటు. అది రబ్బరు బుష్‌లను ఉబ్బించి పాడుచేస్తుంది. వానకు కారి నేలలో కలుస్తుంది. చవకగా కనిపించే ఈ చిట్కా నిజానికి చవక కాదు.

ఉప్పుగాలి విద్యుత్ తీగల జోలికీ వెళుతుంది. సెల్ఫ్ సరిగా తిరగడం లేదని బ్యాటరీ మార్చేవారు, ఇంజన్ నుంచి ఛాసిస్‌కు ఉండే ఎర్తు పట్టీని విప్పి గీకి బిగిస్తే సరిపోయేదని తరువాత తెలుసుకుంటారు. పాత బండ్లలో విద్యుత్ లోపాలుగా కనబడేవి చాలావరకు ఎర్తు లోపాలే.

వాడకపోతే చెడేది

ఫోర్ వీల్ డ్రైవ్ యంత్రాంగానికి ఒక విచిత్ర లక్షణం ఉంది. అది వాడకపోయినా చెడుతుంది, తప్పుగా వాడినా చెడుతుంది. పాత జీపులు, జిప్సీలలో ముందు ఇరుసుకు, వెనుక ఇరుసుకు మధ్య వేగపు తేడాను సర్దుబాటు చేసే డిఫరెన్షియల్ ఉండదు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనుక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరగాలి. ఇసుకలోనో బురదలోనో ఆ తేడా చక్రం జారడంతో సరిపోతుంది. ఎండిన తారురోడ్డుపై జారే వీలు లేదు. ఆ ఒత్తిడి అంతా షాఫ్టుల క్రాస్ బేరింగులపై, గేర్ల పళ్లపై పడుతుంది. ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద పట్టు బాగుంటుందని ఫోర్ వీల్ వేసి తోలడం తెలిసీ తెలియని పని.

మరోవైపు, నెలల తరబడి ఆ కడ్డీని తాకని వారి బండిలో ముందు డిఫరెన్షియల్ పళ్లకు నూనె తగలదు. జిప్సీ ముందు చక్రాల మధ్యలో చేతితో తిప్పే లాకులుంటాయి. వాటిని బిగిస్తేనే చక్రం ముందు ఇరుసుతో కలిసి తిరుగుతుంది. నెలకొకసారి లాకులు వేసి, మట్టి దారిలో కొన్ని కిలోమీటర్లు నడిపితే గేర్లకు నూనె తగులుతుంది, సీళ్లు ఎండిపోవు, లాకులు బిగుసుకుపోవు.

గ్రీజు గన్ను, పానాల పెట్టె, బలమైన ఇనుప స్టాండ్లు, సర్వీస్ మాన్యువల్ ఉంటే సగం పని ఇంటి వద్దే చేసుకోవచ్చు. క్రాస్ బేరింగులకు గ్రీజు ఎక్కించడం, గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు డిఫరెన్షియళ్ల ఆయిల్ మార్చడం, చక్రాల బేరింగులు కడిగి తిరిగి గ్రీజు పట్టించడం ఈ కోవలోనివి. అన్నింటికీ ఒకే డబ్బాలోని ఆయిల్ పోయడం పొరపాటు. డిఫరెన్షియల్‌కు అనువైన జి.ఎల్. 5 రకంలోని కొన్ని ఆయిళ్లు పాత గేర్‌బాక్సులలోని ఇత్తడి, కంచు భాగాలకు పడవు. వాటికి జి.ఎల్. 4 రకమే శ్రేయస్కరం.

ఒక వేగం దాటగానే స్టీరింగ్ గడగడ వణకడం ఈ బండ్లకు పేరుపడ్డ జబ్బు. వీల్ బ్యాలెన్సింగ్ చేయించినా తగ్గకపోతే ముందు చక్రాలు తిరిగే కీలు వద్ద ఉండే కింగ్ పిన్ బేరింగులు అరిగాయని అనుమానించాలి. వాటిని మార్చడానికి ఓ పూట పడుతుంది, చొక్కా పాడవుతుంది. స్టీరింగ్ డ్యాంపర్ ఒకటి అదనంగా బిగిస్తే వణుకు తాత్కాలికంగా అణగుతుంది. అరుగుదల మాత్రం లోపల సాగుతూనే ఉంటుంది.

బండి కిందికి దూరేముందు రెండు జాగ్రత్తలు తప్పనిసరి. జాకీని మాత్రమే నమ్మి కింద పడుకోరాదు. పాత బ్రేకు డ్రమ్ము విప్పినప్పుడు లోపలి ధూళిని గాలి గొట్టంతో ఊదరాదు. ఆనాటి లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. తడి గుడ్డతో తుడవడం క్షేమం. ఇంజెక్టర్ల కాలిబ్రేషన్, గేర్‌బాక్సు విప్పడం వంటివి అనుభవజ్ఞుడైన మేస్త్రీకి వదిలేయడమే మేలు.

విడిభాగాలకు పుదుచ్చేరి వాసులకు చెన్నై పెద్ద దిక్కు. సుమారు 150 కి.మీ. దూరంలోని ఆ నగరంలో పాత సామాన్లకు పుదుప్పేట, కొత్త సామాన్లకు జనరల్ ప్యాటర్స్ రోడ్డు ప్రసిద్ధి. విల్లీస్ జీపుకూ, జిప్సీకి మూలమైన సుజుకీ బండికీ ప్రపంచమంతటా అభిమానులుండటం వల్ల వీటి భాగాలు అంత తేలికగా కరువు కావు. జబల్‌పూర్ సైనిక కర్మాగారంలో తయారైన జోంగా వంటి వాటికి ఆ భాగ్యం లేదు.

తుపాను తరువాత

2024 నవంబరు 30 రాత్రి ఫెంజల్ తుపాను పుదుచ్చేరి సమీపంలో తీరం దాటినప్పుడు 24 గంటలలో 46 సెంటీమీటర్లకు పైబడి వాన కురిసింది. వీధులు చెరువులయ్యాయి. ప్రజలను తరలించడానికి సైన్యం రంగంలోకి దిగవలసి వచ్చింది. ఇటువంటి వేళ ఎత్తైన జీపు ఉన్నవాడు ఇరుగుపొరుగుకు ఆపద్బాంధవుడే. అయితే నీటిలో నడిచి వచ్చిన జీపుకు ఆ తరువాత సేవ అవసరం. నడిచినంతసేపూ వేడెక్కిన డిఫరెన్షియల్ చల్లని నీటిలో దిగగానే లోపలి గాలి సంకోచించి, సీళ్ల సందుల నుంచి, పైనున్న బ్రీదర్ రంధ్రం నుంచి నీటిని పీల్చుకుంటుంది. డ్రెయిన్ నట్టు వదులు చేసి చూస్తే ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో కారుతుంది. ఆ ఆయిల్‌తోనే మరో నెల తిప్పితే బేరింగులు తుప్పుపట్టి మొత్తం సెట్టు మార్చవలసి వస్తుంది. బ్రీదర్‌కు రబ్బరు గొట్టం తగిలించి ఇంజన్ గది ఎత్తుకు లాగడం చిన్న ఖర్చుతో అయ్యే పని. చట్టానికి అభ్యంతరం లేని మంచి మార్పులలో ఇది ఒకటి. నీటిలో ఆగిపోయిన ఇంజన్‌ను అక్కడే సెల్ఫ్ కొట్టి లేపాలని చూస్తే, సిలిండరులో చేరిన నీరు నలగక కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది.

పెట్రోలు జిప్సీలకు మరో కొత్త ఇబ్బంది వచ్చిపడింది. 2023 నుంచి 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు దేశంలో అంచెలంచెలుగా వ్యాపించింది. 10 శాతం మిశ్రమానికి సరిచేసిన, అసలు మిశ్రమాన్ని ఊహించకుండా రూపొందించిన కార్లలో ఈ ఇంధనం వల్ల మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చునని 2021 నాటి నీతి ఆయోగ్ నివేదికే అంచనా వేసింది. కార్బురేటరు కాలపు జిప్సీలు ఈ కోవలోకే వస్తాయి. మైలేజీ కంటే ముఖ్యమైనది రబ్బరు. పాత పెట్రోలు గొట్టాలు, కార్బురేటరు లోపలి ప్యాకింగులు ఇథనాల్‌కు మెత్తబడి చీలితే వేడి ఇంజన్‌పై పెట్రోలు కారుతుంది. ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు వేయించుకోవడం ఇక ఐచ్ఛికం కాదు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కనుక, తీరప్రాంతంలో సగం ట్యాంకుతో బండిని నెలల తరబడి నిలిపి ఉంచడమూ మంచిది కాదు.

మార్పుకు హద్దు ఎక్కడ?

మరమ్మతు వేరు, మార్పు వేరు. పెద్ద టైర్లు, ఎత్తు పెంచే పొడవైన షాకిళ్లు, ముందు ఇనుప దడి, మరో కంపెనీ ఇంజన్, కోసి కొత్తగా కట్టిన బాడీ, ఇవన్నీ పాత జీపు ముచ్చటలో భాగాలైపోయాయి. హర్యానాలోని మండీ డబ్వాలీ అయితే ఇటువంటి జీపులకే పేరుమోసింది. కానీ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఈ విషయంలో కచ్చితంగా ఉంది. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నంగా మారేలా యజమాని బండిని మార్చరాదు. కేరళకు చెందిన ఒక కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఈ నిబంధనకు పూర్తి బలం చేకూర్చింది. అదే సంవత్సరం చట్టానికి చేసిన సవరణ ప్రకారం అనుమతి లేని ప్రతి మార్పుకూ రూ. 5 వేల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. ముందు భాగంలో బిగించే ఇనుప దడులపై చర్య తీసుకోవాలని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలను ఆదేశించింది.

చట్టం తలుపులన్నీ మూసివేయలేదు. సి.ఎన్.జి., ఎల్.పి.జి., బ్యాటరీ వంటి వాటితో నడిచేలా ఆమోదిత కిట్టు అమర్చుకోవచ్చు. దివ్యాంగుల అవసరాలకు అనుగుణంగా మార్చుకోవచ్చు. ఇంజన్ మార్పిడికి రవాణా అధికారి ఆమోదం పొంది, మార్చిన 14 రోజుల్లోగా తెలియజేసి ఆర్.సి.లో నమోదు చేయించుకోవాలి. రంగు మార్చినా నమోదు తప్పదు.

చట్టం సంగతి పక్కన పెట్టినా, ఈ మార్పులలో చాలావాటికి యాంత్రికంగా సమర్థన కనిపించదు. పెద్ద టైరు వేస్తే స్పీడోమీటరు అసలు వేగం కంటే తక్కువ చూపుతుంది. 45 హార్స్‌పవర్ ఇంజన్ ఆ బరువు తిప్పలేక ఆయాసపడుతుంది. పొడవైన షాకిళ్లు వేస్తే ముందు ఇరుసు కోణం మారి స్టీరింగ్ నిలకడ తప్పుతుంది. బండి వేగం పెంచే మార్పులకు ఎగబడే చాలామందికి దానిని ఆపే డ్రమ్ము బ్రేకుల ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారో గుర్తుండదు. తేమను పీల్చే ఆ ఆయిల్‌ను రెండేళ్లకొకసారి మార్చడం ఏ అలంకారం కంటే విలువైనది.

ఈ తేడా చివరకు రవాణా కార్యాలయం గుమ్మంలో డబ్బు రూపంలో తేలుతుంది. సొంత వాహనానికి తొలి రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. ఆ తరువాత ఐదేళ్లకొకసారి బండిని తనిఖీకి చూపి పునరుద్ధరించుకోవాలి. రూ. 600 ఉన్న పునరుద్ధరణ రుసుము 2022 ఏప్రిల్ 1 నుంచి రూ. 5 వేలయింది. 2025 ఆగస్టు నాటి సవరణతో 20 ఏళ్లు దాటిన కార్లు, జీపులకు రూ. 10 వేలకు చేరింది. ఢిల్లీ రాజధాని ప్రాంతంలో 10 ఏళ్లు దాటిన డీజిల్, 15 ఏళ్లు దాటిన పెట్రోలు బండ్లపై విధించి, 2018లో సుప్రీంకోర్టు సమర్థించిన నిషేధం వంటిది పుదుచ్చేరిలో లేకపోవడం యజమానులకు ఊరట. కానీ తనిఖీకి వచ్చిన జీపులో ఆర్.సి.లోని ఇంజన్ నంబరు ఒకటి, బానెట్ కింద కనబడేది మరొకటి అయితే రుసుము ఎంత కట్టినా ప్రయోజనం ఉండదు.

పి.వై. నంబరు బండి

పుదుచ్చేరి పాత బండ్ల విషయం తెలుగువారికి మరో విధంగానూ సంబంధించినది. కాకినాడ పక్కనున్న యానాం ఈ కేంద్రపాలిత ప్రాంతంలో భాగమే. పుదుచ్చేరి బండికి పి.వై. 01 అయితే, యానాం బండికి పి.వై. 04. వాహన పన్ను తక్కువన్న కారణంగా పుదుచ్చేరి చిరునామాలతో ఖరీదైన కార్లు రిజిస్టరు చేయించి వేరే రాష్ట్రంలో తిప్పుతున్నారన్న వివాదం 2017లో కేరళలో పెద్దయెత్తున చెలరేగింది. పాత జీపుకు ఆ స్థాయి పన్ను ఉండకపోయినా నియమం ఒక్కటే. పి.వై. నంబరు జీపును కొని ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో 12 నెలలకు మించి ఉంచుకుంటే, నిరభ్యంతర పత్రం తెచ్చుకొని, స్థానికంగా పన్ను చెల్లించి, కొత్త నంబరు తీసుకోవాలి. ఆ సమయంలో బండిని మళ్లీ నఖశిఖ పర్యంతం చూస్తారు. పుదుచ్చేరిలో ఎవరో ముచ్చటపడి కోసిన బాడీకి రాజమండ్రిలో కొన్నవాడు సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది.

అసలు రూపంలో నిలిపి ఉంచిన బండికి మరో గుర్తింపు కూడా దక్కుతుంది. తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ గణనీయంగా మారని సొంత వాహనాలను వింటేజ్‌గా గుర్తించే నిబంధనలు 2021 జూలైలో వెలువడ్డాయి. వీటి నంబరు పలకపై రాష్ట్ర సంకేతం తరువాత వి.ఎ. అక్షరాలుంటాయి. రిజిస్ట్రేషన్ రుసుము రూ. 20 వేలు, గడువు 10 ఏళ్లు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి తప్ప నిత్యం రోడ్డుపై తిప్పరాదన్న షరతు ఉంది కనుక అందరికీ ఇది నచ్చకపోవచ్చు. 1970 ప్రాంతంలో రిజిస్టరైన విల్లీస్ తరహా జీపులు ఇప్పటికే ఈ వయసు దాటాయి. 1986లో రోడ్డెక్కిన తొలి జిప్సీలు 2036లో ఈ అర్హతకు చేరతాయి. వాటిలో ఎన్ని అప్పటికి కంపెనీ బిగించిన ఇంజన్‌తో, చివకని ఛాసిస్‌తో మిగిలి ఉంటాయన్నది ఈ పదేళ్లలో వాటి యజమానులు సుత్తి, తీగ బ్రష్షు పట్టుకుంటారా, గ్యాసు కట్టరు పట్టుకుంటారా అన్నదానిపై ఆధారపడి ఉంది.